పూర్వ గురువు, ప్రస్తుత గురువు

కేంద్ర సాంస్కృతిక శాఖ యువ కళాకారులకు స్కాలర్‌షిప్ ఇస్తుంది. నెలకు 5,000 రూపాయలు, రెండేళ్ళపాటు, దేశం మొత్తానికి 400 మందికి. వయసు 18 నుంచి 25 లోపు ఉండాలి. ఇక్కడిదాకా పేచీ లేదు. కళ నేర్చుకోవడానికి సాయం అడిగేవాడు అప్పటికే ఐదేళ్ళు ఒక గురువు దగ్గరో, సంస్థలోనో నేర్చుకుని ఉండాలన్నది నిబంధన. నేర్చుకున్నట్టు ప్రస్తుత గురువు సంతకం పెట్టాలి. అంతకు ముందు వేరే గురువుంటే ఆయన సంతకమూ తేవాలి. పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కాదు, పెళ్ళయితే గానీ పిచ్చి కుదరదు అన్నవాళ్ళ కాలానికి దరఖాస్తు ఫారాలు లేవు గానీ, అవి వస్తాయని వాళ్ళకు ముందే తెలిసినట్టుంది. కూచిపూడికో, కర్ణాటక సంగీతానికో ఈ షరతు పెట్టడంలో అర్థం లేకపోలేదు. ఐదేళ్ళు గడవకుండా అక్కడ గొంతూ నిలవదు, కాలూ నిలవదు. గురువుకు ఒక ఇల్లు, ఒక ఊరు, వెనక శిష్యుల వరస ఉంటాయి. ఇదే ఫారం సంగారెడ్డి జిల్లా నారాయణఖేడ్‌లో ఫోన్ మీద వీడియోలు కట్ చేయడం నేర్చుకుంటున్న పిల్లవాడి చేతికొస్తే మాత్రం 'గురువు పేరు' అన్న గడి దగ్గర పెన్ను ఆగిపోతుంది. నిజం చెప్పాలంటే యూట్యూబ్ అని రాయాలి. పూర్వ గురువు? అదీ యూట్యూబే, పాత ఫోన్‌లో.

నారాయణఖేడ్ లాంటి ఊళ్ళో డిజిటల్ మీడియా విద్యాలయం ఎక్కడుందని అడిగితే చూపించడానికి ఫ్లెక్సీ షాపులూ, పెళ్ళిళ్ళ ఫొటో స్టూడియోలూ ఉంటాయి. నవ్వొద్దు. ఫ్లెక్సీ చేయడం తేలికైన విద్య కాదు. పై వరసలో రాష్ట్ర నాయకులు, నడుమ నియోజకవర్గ నాయకుడు, ఆయన పక్కన పుట్టినరోజు జరుపుకుంటున్న నాయకుడు, కింద గుండ్రటి గడుల్లో శుభాకాంక్షలు చెప్పే పాతికమంది. ఎవరి తల ఎవరి తల కన్నా అంగుళం పెద్దదైనా రాత్రికి షాపు ముందు పంచాయితీ. వాట్సాప్‌లో వచ్చిన వేలెడంత ఫొటోను పన్నెండడుగులకు సాగదీయాలి, సాగదీసినా మొహం మొహంలాగే ఉండాలి. జుట్టు చుట్టూ పాత గోడ రంగు మిగలకుండా కత్తిరించాలి. పార్టీ మారిన మనిషి మెడలో కండువా రంగు మార్చాలి, అదీ పాత రంగు అంచుల్లో కనబడకుండా. కర్ణాటక సరిహద్దు ఊరు గనక తెలుగుతోపాటు కన్నడ, మరాఠీ, ఉర్దూ అక్షరాలతోనూ పని పడుతుంది. ఇంత చేసే కుర్రాడిని డిజైన్ విద్యార్థి అని ఏ పథకమూ అనదు. ఇదే జిల్లాలో కంది దగ్గర ఐఐటీ ఉంది, అందులో డిజైన్ విభాగమూ ఉంది. నారాయణఖేడ్ నుంచి హైదరాబాద్ వెళ్ళే బస్సు దాని ముందునుంచే పోతుంది. ఆ కుర్రాడికి ఐఐటీతో ఉన్న పరిచయం ఆ కిటికీ వరకే.

అసలు ఈ స్కాలర్‌షిప్ దేనికిస్తున్నట్టు? ప్రతిభకు బహుమతి అని ఫారం అనుకుంటుంది. పేద ఇంట్లో లెక్క వేరు. నేర్చుకునే పిల్లవాడు కూలికి పోడు కాబట్టి పోయిన ఆ కూలికి బదులు. ఆ లెక్కే వేద్దాం. తెలంగాణలో ఉపాధి హామీ కూలి 2025-26లో రోజుకు 307 రూపాయలు. నెలకు 5,000 అంటే పదహారు రోజుల కూలి. మిగతా పద్నాలుగు రోజులు కళాకారుడు గాలి భోంచేయాలి. పదేళ్ళ నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలకు అదే శాఖ కింది సంస్థ సీసీఆర్‌టీ ఇచ్చే స్కాలర్‌షిప్ ఇంకా సరసమైనది. గురువు ఫీజు కొంత విడిగా కడతారు, ఆ మాట ఒప్పుకోవాలి. పిల్లకు చేతికిచ్చేది ఏడాదికి 3,600, అంటే నెలకు 300. మట్టి తవ్వే అమ్మ ఒక్క రోజు కూలి కన్నా ఏడు రూపాయలు తక్కువ. నారాయణఖేడ్ చుట్టుపక్కల తండాల నుంచి చెరకు నరకడానికి కుటుంబాలకు కుటుంబాలే వలస పోతాయి. పోయే ముందు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుంటారు. సర్కారు స్కాలర్‌షిప్పూ, మేస్త్రీ అడ్వాన్సూ ఒకే ఇంటి గడపలో నిలబడితే ఎవరిది ముందు చేతికందుతుందో చెప్పడానికి అర్థశాస్త్రం చదవక్కర్లేదు. మేస్త్రీ ఎవరి సంతకమూ అడగడు.

కాగితాలు అడక్కపోతే దొంగలు పడతారండీ అంటారు. పడతారు. అడిగినా పడ్డారు మరి. కేంద్ర మైనారిటీ వ్యవహారాల శాఖ తన స్కాలర్‌షిప్‌లు తీసుకుంటున్న 1,572 సంస్థలను తనిఖీ చేయిస్తే 830 బోగస్ అని తేలింది. 144 కోట్లకు పైగా నష్టమని లెక్కగట్టి 2023లో కేసు సీబీఐకి ఇచ్చారు. ఆ 830 సంస్థల దగ్గరా స్టాంపులున్నాయి, సీళ్ళున్నాయి, సంతకాలున్నాయి. లేనిది విద్యార్థి ఒక్కడే. ఏ తప్పూ లేని ఫైలు తయారుచేయడం దొంగకు వృత్తి, అసలు కళాకారుడికి ఆ విద్య రాదు. పోనీ మన సర్కార్లకు నమ్మి ఇవ్వడం చేతకాదా అంటే అదీ కాదు. 2018లో రైతుబంధు మొదలుపెట్టి ఎకరాకు సీజన్‌కు 4,000 ఇచ్చినప్పుడు పాస్‌బుక్ చూశారు గానీ, ఐదేళ్ళుగా దున్నుతున్నట్టు పూర్వ ఎడ్ల సంతకం అడగలేదు. బీడు భూములకూ పడిందన్న చర్చ తర్వాత వచ్చిందనుకోండి. 2023 డిసెంబర్ 9న ఆడవాళ్ళకు బస్సు ఉచితం చేశారు. తెలంగాణ చిరునామా ఉన్న గుర్తింపు కార్డు చూసి కండక్టర్ జీరో టికెట్ కొడతాడు. ఏ పని మీద పోతున్నావమ్మా, ఇంతకు ముందు ఎన్నేళ్ళు ప్రయాణం చేశావు అని అడిగితే బస్సు డిపో దాటదు. కళ దగ్గరికొచ్చేసరికే ఎక్కడలేని అనుమానం పుట్టుకొస్తుంది.

రెండో అభ్యంతరం ఇంకా ఆధునికమైనది. ఫోనే అన్నీ ఉచితంగా నేర్పుతుంటే మళ్ళీ స్కాలర్‌షిప్ ఎందుకు? జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో పొలం పనులు చేసుకునే గంగవ్వకు ఎవరిచ్చారు స్కాలర్‌షిప్? మై విలేజ్ షో అనే యూట్యూబ్ ఛానల్లో కనబడింది, బిగ్‌బాస్ దాకా వెళ్ళింది కదా! వెళ్ళింది, సంతోషమే. అయితే ఆ వాదనలోంచి తేలేది ఒక్కటే: పెద్దవయసు దాకా పొలంలో వంగి పనిచేసిన మనిషిలో అంతటి నటి ఉందని ఏ శాఖకూ తెలియలేదు. ఒక లంబాడిపల్లిని చూపించి వేల పల్లెల ఖర్చు మిగిలిందనడం, ఎవరికో లాటరీ తగిలిందని ఊరందరి రేషన్ ఆపడం లాంటిది. పైగా ఫోన్ నేర్పే విద్య కొంతదాకానే. పావుగంట వీడియో ఎడిట్ చేయడానికి దిగితే ఫోన్ వేడెక్కి చేతులెత్తేస్తుంది. అక్కడినుంచి కంప్యూటర్ కావాలి, కరెంటు కావాలి, అన్నిటికన్నా ముందు పగలు కావాలి. పగలు కూలికి పోతే రాత్రి రెండు గంటలు మిగులుతాయి. ఉచిత విద్యకు ఫీజు ఆ నిద్రే.

డబ్బు లేదనే మాట మూడోది. దాని మీద ఎక్కువ మాట్లాడక్కర్లేదు. పథకాల గురించి ఊరూరా పాడించాల్సి వచ్చినప్పుడు తెలంగాణ సాంస్కృతిక సారథి పెట్టి 550 మంది కళాకారులకు జీతాలిచ్చారు. పథకం గురించి పాడితే జీతం దొరుకుతుంది, పాట నేర్చుకుంటానంటే ధ్రువపత్రం తెమ్మంటారు. ఐర్లండ్ 2022లో చేసిన పని మన అధికారులకు చెబితే ఫైలు మూసి నవ్వుతారేమో. కళాకారులేనని ఆధారం చూశారు, అర్హులు ఎనిమిది వేలు దాటారు. ఎవరు గొప్ప అన్న తగువులోకి దిగకుండా డ్రా తీసి రెండు వేల మందికి వారానికి 325 యూరోలు ఇచ్చారు. మన పండగ లక్కీ డ్రా లాంటిదే, బహుమతి మిక్సీ కాదంతే. దాన్ని ప్రయోగంగా మొదలుపెట్టి, 2025లో శాశ్వతం చేస్తామని ప్రకటించారు.

మనకు డ్రా వద్దనుకుంటే ఇంకో దారుంది. సంతకం బదులు పని చూడడం. కిందటి నెల ఏం చేశావో చూపించు అని అడిగి, ఫోన్ చేతిలోకి తీసుకుని ఐదు నిమిషాలు చూడడం. దానికి కమిటీ హైదరాబాద్‌లో కూర్చుంటే కుదరదు, వంద కిలోమీటర్లు దాటి నారాయణఖేడ్ బస్టాండ్‌లో దిగాలి. దిగుతూనే ఎదురుగా కమిటీకి స్వాగతం చెబుతూ ఫ్లెక్సీ ఉంటుంది. ఉండకుండా ఉండదు. ఫొటోల్లో జుట్టు అంచులు శుభ్రంగా ఉన్నాయా, 'హార్దిక' అన్న మాటలో అక్షరం విరిగిందా అని అక్కడే నిలబడి చూస్తే సగం ఇంటర్వ్యూ అయిపోయినట్టే. సభ్యుల్లో ఎవరి ఫొటో ఎంత పెద్దగా వేయాలో మాత్రం నాలుగు రోజుల ముందే చెప్పి పంపాలి. ఆ ఒక్క విషయంలో కుర్రాడు సొంత నిర్ణయం తీసుకోడు.