మా కత్తికి ముద్ర లేదు

పాత గడ్డం కత్తులు పోగేయడం కూడా ఒక సరదాయేనంట! అమెరికాలో ఉద్యోగం చేసే మా అన్న మనవడు సంక్రాంతికి ఆళ్లగడ్డ వచ్చి ఫోనులో బొమ్మలు చూపించినాడు. ఒకటి వూస్టర్ ఊళ్ళో జె.ఆర్. టోరీ కంపెనీదంట, ఇంకోటి న్యూయార్క్ రాష్ట్రంలోని జెనీవాలో చేసిన జెన్కో కత్తంట. "పిడి దగ్గర ముద్ర చూసి వయసు చెప్పొచ్చు తాతా" అన్నాడు. 1890లో అమెరికా వాళ్ళు చట్టం తెచ్చి, బయటి నుంచి వచ్చే సరుకు మీద ఏ దేశానిదో రాసి ఉండాల్సిందే అన్నారంట. ఇంగ్లండు షెఫీల్డ్, జర్మనీ జోలింగెన్ కత్తుల మీద సుంకం పెంచి సొంత కార్ఖానాలను నిలబెట్టుకున్నారంట. బాగుంది. "మరి వాటితో ఎప్పుడన్నా గీసుకున్నావా అబ్బీ?" అంటే నవ్వినాడు. గీసుకునేది మాత్రం ప్లాస్టిక్ రేజరుతో!

ఉక్కు గోళ్ళ అహోబిలం నరసింహస్వామికి పక్క ఊరోళ్ళం, పదును సంగతి మాకొకరు చెప్పాల్నా? మా రోజుల్లో పొది చంకన పెట్టుకొని క్షవరం చేసే పెద్దాయన ఇంటి అరుగు మీదికే వచ్చేవాడు. చెంబు నీళ్ళతో గడ్డం బాగా నానబెట్టి, ఆలోగా కత్తిని సాన మీద నూరి, తోలుపట్టా మీద అటూ ఇటూ తిప్పేవాడు. తోలు మీద కత్తి వీపు ముందు పోవాల, అంచు వెనక రావాల. తిరగబడిందా, తోలూ పాయె, పదునూ పాయె. ఆ చప్పుడు వింటేనే కత్తి సిద్ధమైందో లేదో మాకు తెలిసేది. అలుగు అరిగి సన్నబడినా పారేసేది లేదు, తండ్రి కత్తి కొడుకు పొదిలోకి చేరేది. కె.సి. కాలువ కింద పంట కళ్ళానికి రాగానే ఆయనకు మేర గింజలు కొలిచేవాళ్ళం. పార్వేట ఉత్సవానికి స్వామి ఊళ్ళోకి వస్తున్నాడంటే ఊరంతా నున్నగా తయారయ్యేది. పొద్దున గడ్డాలు గీసిన చేతులే సాయంత్రం సన్నాయి పట్టుకునేవి.

ఇప్పుడో? 2022లో నంద్యాల జిల్లా అయింది, సెలూన్లకు ఏసీలు వచ్చినాయి. కుర్రోడు బ్లేడును సగానికి విరిచి, పిడిలో దూర్చి, టీవీ చూస్తా గీకుతాడు. గడ్డం అయిపోతానే ముక్క బుట్టలోకి. ఈ పారేసే విద్య నేర్పింది కూడా ఆ అమెరికా దేశపు జిల్లెట్ దొరే. 1903లో ఆయన అమ్మింది 51 రేజర్లంట, మరుసటేడు తొంభై వేలు దాటినాయంట! మొదటి ప్రపంచ యుద్ధంలో సిపాయిలకే లక్షల్లో పంచినారు. ఇక సాన ఎవడు పట్టుకుంటాడు?

మన దేశంలో 1986లో హెచ్ఐవి బయటపడ్డాక, ఒకే కత్తి అందరి చెంపల మీదా ఆడటానికి జనం భయపడినారు. ఆ భయం న్యాయమే, మనిషికో బ్లేడు మంచిదే. దాంతోపాటు పదును పెట్టే విద్య కూడా బుట్టలో పడాల్నా? మా నాయన కత్తికి సాన పట్టించాలని నంద్యాలంతా తిరిగితే, ఒకాయన "కొత్తది కొనుక్కో పెద్దాయనా, చవక" అని సలహా ఇచ్చినాడు.

ఇంకో ముచ్చట. టోరీ కత్తికి ముద్ర ఉంది, కథ ఉంది, వెతుక్కుంటా పోయేవాళ్ళున్నారు. మా నాయన కత్తిని మన కొలిమిలోనే కొట్టినారు, దాని మీద ఒక్క అక్షరం లేదు. ఆళ్లగడ్డ శిల్పులు చెక్కిన విగ్రహాలు ఎక్కడెక్కడికో పోతాండాయి, సంతోషమే. ఆ పక్కనే ఇనుము సాగగొట్టిన కమ్మరి పేరు మాత్రం ఎవరూ రాసిపెట్టలేదు. పోగేసే సరదా ఉన్న పిల్లల్లారా, మన అటకల మీద కూడా వెతకండి. మాలాంటి ముసలోళ్ళు ఉన్నప్పుడే ఏ కత్తి ఎవరు కొట్టిందో అడిగి రాసుకోండి. అన్నిటికన్నా ముందు సాన పట్టడం నేర్చుకోండి. తుప్పు పట్టిన కత్తి జెనీవాదైతేనేం, ఆళ్లగడ్డదైతేనేం, గడ్డమైతే తెగదు!