మల్లె-మందార పద్యం: సటీకం, సతాత్పర్యం

మూలం (ఆటవెలది)

మల్లె కెండ వలయు మాఘాన కత్తెర
నీళ్లు తక్కువైన నిండు మొగ్గ
నిత్య జలము గోరు నిగనిగ మందార
మిద్దె మీద వేరె మెలగు రెండు

అవతారిక

మొక్కలన్నిటికీ ఒకే పైపుతో, ఒకే పూట, ఒకే కొలతన నీళ్లు పోసి, ఆపైన ‘పూలు రావడం లేదు, నర్సరీవాడు ముంచేశాడు’ అని వాపోయే గృహస్థును చూసి జాలిపడి ఒకానొక కవి ఈ పద్యం చెప్పాడు. కవి పేరూ ఊరూ కాలమూ అలభ్యం. మూలప్రతి ఒక బిల్లు కాగితం వెనక బాల్‌పెన్నుతో ఉంది. మెదక్ సీమ కొల్చారంవాడైన కోలాచల మల్లినాథసూరి కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రాస్తూ, అవసరం లేనిది చెప్పనని ముందే మాట ఇచ్చాడు. ప్రస్తుత వ్యాఖ్యాత అటువంటి మాట ఎవరికీ ఇవ్వలేదు.

ప్రతిపదార్థం

మల్లెకు = గుండుమల్లె మొక్కకు; ఎండ = రోజుకు ఆరు గంటలకు తగ్గని నేరుటెండ; వలయు = కావాలి (వంటింటి కిటికీ వెలుతురు చాలదని భావం); మాఘాన = మాఘమాసంలో; కత్తెర = కొమ్మలు కత్తిరించే పని; నీళ్లు తక్కువైన = నీరు తగ్గిస్తే; నిండు మొగ్గ = కొమ్మకొమ్మకూ మొగ్గ; నిగనిగ = ఆకు మెరుపు గల; మందార = మందారపు మొక్క; నిత్య జలము = ఆదివారాలతో సహా రోజూ నీరు; కోరు = అడుగుతుంది; మిద్దె మీద = డాబా మీద; రెండు = ఆ రెండు మొక్కలూ; వేరె = విడివిడిగా; మెలగు = ఉండాలి.

తాత్పర్యం

ఓ మిద్దెతోట యజమానీ! మల్లెను ఎండలో నిలబెట్టు, చలికాలంలో దాహానికి మాడ్చు, జాలి లేకుండా కత్తిరించు, విరగబూస్తుంది. మందారాన్ని మాత్రం ఒక్కపూట మరిచినా మొగ్గలు రాల్చి నీ ముందు పోస్తుంది. ఒకదానికి చేసిన సేవ రెండోదానికి చేస్తే రెండూ చెడతాయి.

వ్యాఖ్య

మాఘాన కత్తెర: ఇక్కడ కొందరు ‘కత్తెర’ అంటే మే నెలలో వచ్చే కర్తరి అని అర్థం చెబుతారు. అది కుదరదు. కర్తరి ఎండల్లో కొమ్మ నరకకూడదని పెద్దలే అన్నారు. పైగా అప్పటికి మల్లె పూత మీద ఉంటుంది, పూత మీదున్న మొక్కకు కత్తెర చూపించేవాడు మూర్ఖుడు. కనుక కత్తెర కత్తెరే.

అయితే మాఘమన్న మాట దగ్గర కవి దొరికిపోయాడు. మల్లె రైతులు నవంబరు చివరికల్లా నీరు తగ్గించి, డిసెంబరు, జనవరిల్లో ఆకు దూసేసి, పొదను నేలకు రెండు జానల ఎత్తున కత్తిరిస్తారు. అంటే మార్గశిర పుష్యాలు. కవి ‘మ’కు ‘మా’ యతి కుదిరిందన్న సంబరంలో పొదను నెల రోజులు ఎక్కువ కాపలా కాయించాడు. మాఘంలో కత్తిరిస్తే మొక్క చావదు గానీ, మార్చిలో రావలసిన పూత ఏప్రిల్‌కు జారుతుంది. ఛందస్సు కోసం పంట కాలం మార్చడం కవులకు చెల్లును, కుండీలకు చెల్లదు.

ఇంత కర్కశం ఎందుకంటే, మల్లె ముదురు కొమ్మకు పూయదు. కొత్తగా వచ్చిన చిగురు చివరనే పూస్తుంది. దాహంతో మొక్క నిద్రపోవాలి, కత్తెర పడాలి, తర్వాత పశువుల ఎరువు వేసి ఒక్కసారిగా నీళ్లు పెట్టాలి. అప్పుడు ఎండుపుల్లల్లా నిలబడ్డ కాడలకు కణుపు కణుపునా చిగురు వస్తుంది. ఆ చిగురు కొసన సాధారణంగా మూడేసి మొగ్గలు కలిసి కనిపిస్తాయి. నడిమిది ముందు విచ్చుకుంటుంది. అమ్మకానికైతే తెల్లవారుజామునే మొగ్గ కోస్తారు. సాయంత్రం దాకా చెట్టున ఉంచితే విచ్చుకుని బుట్టకు పనికిరాదు.

నీళ్లు తక్కువైన: ఈ పాదాన్ని పట్టుకుని ఏప్రిల్‌లో కూడా మల్లెను ఎండగట్టినవారున్నారు. అది అపార్థం. తక్కువ అన్నది చలికాలపు విశ్రాంతికే. మొగ్గ పట్టాక నీరు తప్పితే మొగ్గ చిన్నదై, ఎర్రబారి, ముడుచుకుంటుంది. వాచ్‌మన్ ఒకడు రాసుకున్న ప్రతిలో ఇక్కడ ‘నీళ్లు మిక్కిలైన నిండు ఆకు’ అని పాఠాంతరం ఉంది. ‘నిండు ఆకు’ అని సంధి చేయకుండా వదలడం దోషమే. కానీ ఈ వ్యాఖ్యాత ఓటు వాచ్‌మన్‌కే. ఏడాది పొడవునా తడి ఆరనివ్వని మల్లె కుండీలన్నీ ఆకు తప్ప మరేమీ చూపించకుండా తీగలు సాగడం కళ్లారా కనిపిస్తున్నదే.

ప్రసక్తానుప్రసక్తంగా: ఆకు పసుపు పచ్చగా మారి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగిలితే అది నీటి లోపం కాదు, ఇనుము లోపం. సున్నం పాలు ఎక్కువున్న నేలల్లో ఇది మామూలే. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది కలిపి చల్లమని చెబుతారు. బిందెడు నీళ్లు పోసి ఓదార్చడం చికిత్స కాదు.

నిగనిగ మందార: ఇది స్వర్గంలో ఉన్న అయిదు దేవతరువుల్లోని మందారం కాదు. మన గుమ్మం పక్కది జపాకుసుమం. 1753లో లిన్నేయస్ దీనికి హైబిస్కస్ రోజా-సైనెన్సిస్ అని, అంటే చైనా గులాబీ అని పేరు పెట్టాడు. అదే పుస్తకంలో మల్లెను తీసుకెళ్లి పారిజాతం ఉన్న నిక్టాంథస్ గోత్రంలో రాశాడు; 1789లో ఐటన్ వచ్చి జాస్మినం గోత్రానికి మార్చేదాకా అది అక్కడే ఉంది. ఆ రకంగా మందారానికి మనవాళ్లూ, మల్లెకు స్వీడన్ పండితుడూ ఒక్కో దేవతరువు చుట్టరికం కలిపారు. మల్లె ఫిలిప్పీన్స్‌కు జాతీయ పుష్పం, 1934 నుంచి. మందారం మలేసియాకు, 1960 నుంచి.

‘నిగనిగ’ అన్నది స్వభావోక్తి. అంత వెడల్పాటి ఆకులు అన్ని ఉన్న మొక్క ఎండలో ఎంత నీరు ఆవిరి చేస్తుందో ఆలోచిస్తే ‘నిత్య జలము’ ఎందుకో తెలుస్తుంది. మే నెలలో డాబా మీది కుండీకి రెండు పూటలా పోయాలి. నిత్య జలమంటే కుండీ అడుగున నిలవనీరని కాదు. వేరు కుళ్లినా మొగ్గ రాలుతుంది, వేరు ఎండినా మొగ్గ రాలుతుంది. రెండు జబ్బులకూ లక్షణం ఒకటే కావడం మందారం యజమాని దౌర్భాగ్యం. మట్టిలో వేలు పెట్టి చూడటం తప్ప వేరే ప్రమాణం లేదు.

దీని పువ్వు పొద్దున విచ్చుకుని సాయంత్రానికి చుట్టుకుపోతుంది. వాసన లేదు. రెక్క మందారంలో అయిదు రేకుల నడుమ పొడుగ్గా ఒక కాడ, దాని చుట్టూ పుప్పొడి తిత్తులు, కొసన అయిదు ఎర్రని చుక్కలు. తేనెపిట్ట వచ్చేది దీనికే. ముద్ద మందారంలో ఆ కేసరాలే రేకులైపోయాయి. ఆడంబరం పెరిగి, పిట్టకు పని తగ్గింది. ఈ విషయంలో వ్యాఖ్యాత రెక్క మందారం పక్షం.

వేరె: ఇక్కడ పూర్వపక్షి లేచి అంటాడు: ‘అయ్యా, డ్రిప్పు పైపు వేశాం, టైమరు పెట్టాం. రెంటినీ పక్కపక్కన పెడితే తప్పేమిటి?’

సిద్ధాంతం: డిసెంబరులో టైమరు ఎవరి మాట వింటుంది? మందారం మాట వింటే మల్లె నిద్రపోదు. మల్లె మాట వింటే మందారం మొగ్గ దులుపుతుంది. ఇది ఒక దోషం. మందారం మనిషెత్తు దాటి పెరిగి మల్లె మీద నీడ వేస్తుంది. నీడన పడ్డ మల్లె తీగ సాగుతుంది గానీ పూయదు. ఇది రెండో దోషం. మూడోది పిండినల్లి. మొగ్గ తొడిమ దగ్గరా, లేత ఆకు అడుగునా తెల్లటి దూదిపింజల్లాంటివి కనిపిస్తే అవే. కాండం వెంట చీమలు బారుగా ఎక్కుతున్నాయంటే పైన పిండినల్లి ఉందని అనుమానించాలి. ఆ పురుగు విసర్జించే తీపి రసం కోసం చీమలు దాన్ని కాపాడతాయి, కొమ్మ నుంచి కొమ్మకు మోస్తాయి కూడా. కొమ్మలు తగులుతుంటే పక్క కుండీకి వంతెన వేసినట్టే. పైపు నీళ్లు గట్టిగా కొట్టి కడగడం, తర్వాత లీటరుకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీరు కలిపి చల్లడం ఉపాయం. చీమల దారి మూయకుండా ఎన్నిసార్లు చల్లినా దండగ.

ఎంత దూరం ‘వేరె’ అన్నది కవి చెప్పలేదు. కొమ్మకు కొమ్మ తగలనంత, నీడ పడనంత అని గ్రహించాలి.

ఒక్క కుండీకే చోటున్నవారి గతి కూడా పద్యంలో లేదు. వ్యాఖ్యాత తీర్పు ఇది: పొద్దున పూజకు పువ్వు కావాలి, రోజూ ఇంట్లో ఎవరో ఒకరు ఉంటారు అంటే రెక్క మందారం. సంక్రాంతికి తాళం వేసి వారం పాటు ఊరెళ్లే ఇల్లయితే మల్లె. వాళ్ల నిర్లక్ష్యమే దానికి ఆ నెలలో కావలసిన సేవ.