తాడుకు దిక్కెవరు?

అట్లాంటాకి ఉత్తరాన లేక్ లేనియర్ అని ఒక పెద్ద చెరువుంది. చెరువంటే మా అబ్బాయికి కోపం. ముప్ఫై ఎనిమిది వేల ఎకరాల నీటిని చెరువంటావేంటి నాన్నా అంటాడు. 1950ల్లో చట్టహూచీ నదికి అడ్డంగా బ్యూఫోర్డ్ దగ్గర ఆనకట్ట కడితే నిలిచిన నీళ్ళవి. 1996 ఒలింపిక్స్‌లో తెడ్ల పడవల పందేలు ఇక్కడే జరిగాయి. చుట్టుపక్కల కమ్మింగ్, ఆల్ఫరెటా ఊళ్ళ నిండా మనవాళ్ళే కాబట్టి వేసవి శనివారాల్లో ఆ నీళ్ళ మీద తెలుగు కేకలు బాగానే వినబడతాయి. ముందు ఓ మోటారు పడవ, వెనకాల గాలి నింపిన పెద్ద ట్యూబు, దాని మీద బోర్లా పడుకుని అరుస్తున్న నలుగురు పిల్లలు. ఆ ఆట మీద నాకేం కోపం లేదండి. పిల్లలన్నాక అరవాలి, నీళ్ళలో పడాలి. నా కోపమల్లా పడవకీ ట్యూబుకీ మధ్యనున్న తాడు సంగతి.

నేను గోదావరి లాంచీల్లో కళాసీగా చేరి, సరంగునై దిగినవాణ్ణి. జనాన్ని ఎక్కించుకుని పాపికొండల వైపు పోయే లాంచీలు, బరువు పడవల్ని వెంట కట్టుకుని లాగే లాంచీలు, పంటు లాగే లాంచీలు, అన్నీ చూశాను. మా రోజుల్లో లాంచీ మీద ప్రతి తాడుకూ ఒక మనిషి ఉండేవాడు. లంగరు తాడు ఒకడిది, రేవు తాడు ఒకడిది, లాగుడు మోకు ఇంకొకడిది. మోకు తెగితే సరంగు ఇంజన్నీ తిట్టడు, దేవుణ్ణీ తిట్టడు. పేరు పెట్టి ఆ కళాసీని పిలుస్తాడు. అందుకే పొద్దున్నే ఇంజను వేడెక్కేలోగా వాడు మోకుని గుప్పిట్లోంచి జారనిస్తూ ఈ కొస నుంచి ఆ కొసదాకా తడుముకునేవాడు. అనుమానం వచ్చిన చోట పురి విప్పి లోపల చూసేవాడు. కొబ్బరి పీచు తాడైనా, మనీలా తాడైనా పైకి నిగనిగలాడుతూనే ఉంటుంది, తడి లోపలికి చేరి అక్కడ కుళ్ళుతుంది. లోపలి పీచు నల్లబడి, గోటితో గీకితే పొడి రాలిందా, ఆ మోకుతో ఇక లాగడం లేదన్నమాటే. సరంగు కూడా దానికి ఎదురు చెప్పడు.

ఇప్పుడు మా వాడి గ్యారేజీకి రండి. గడ్డి కోసే మిషను పక్కన చిక్కు పడి ఒక పసుపుపచ్చ తాడు. "ఎక్కడిదిరా ఇది?" అంటే "పడవతో పాటు వచ్చింది నాన్నా" అన్నాడు. పడవేమో పాతది కొన్నాడు. అమ్మినవాడికి అది ఎక్కడి నుంచి వచ్చిందో వీడికి తెలియదు, వీడు అడగనూ లేదు. పడవ కొనేముందు ఇంజను ఎన్ని గంటలు నడిచిందో అడిగారు, సీట్ల గుడ్డ చూశారు, పాటల పెట్టె మోగించి చూశారు. పిల్లల ప్రాణం వేలాడే తాడుని మాత్రం ఎవరూ చేత్తో ముట్టుకోలేదు.

ఈ కాలపు తాళ్ళు చెడ్డవని నేననను. ఈ పసుపుపచ్చవి పాలీప్రొపిలీన్‌వి. నీళ్ళలో తేలతాయి, కుళ్ళవు. తేలడం చాలా మంచి గుణం, మునిగే తాడైతే పడవ ఆగగానే నేరుగా ప్రొపెల్లరు దగ్గరికి పోతుంది. కానీ వీటికి ఎండ పడదు. పడవ వెనక సీటు మీద వేసవంతా పడి ఉంటే రంగు వెలుస్తుంది, గరుకు తేలుతుంది, అరచేతికి సన్నటి పొడి అంటుతుంది. పీచు తాడు తెగబోయే ముందు కిర్రుమని మూలిగి చెప్పేది. ఇవి ఉలుకూ పలుకూ లేకుండా ఫట్‌మంటాయి. చెప్పని తాడుని మనమే అడిగి తెలుసుకోవాలి కదా.

పోనీ బజార్లో కొత్తది కొన్నారనుకోండి, దాని అట్ట మీద రాసింది చదవరు. ట్యూబు మీద ఒక్కరే ఉంటే తాడు 1500 పౌన్ల లాగుడుకి ఆగాలి, ఇద్దరికి 2375, ముగ్గురికి 3350, నలుగురికి 4100. నలుగురి తాడు దాదాపు పద్దెనిమిదిన్నర క్వింటాళ్ళకి నిలవాలన్నమాట. నలుగురు పిల్లలు అంత బరువు ఉంటారా అని మా కోడలు నవ్వింది. బరువు కాదమ్మా, లాగుడు. ట్యూబు మలుపులో విసురుకుపోయి, ముక్కు నీళ్ళలో గుచ్చుకుందనుకో, ఒక్క క్షణం పడవ ఆ నీళ్ళన్నిటినీ లాగుతుంది. అట్ట మీది అంకె ఆ క్షణం కోసం. పొడవు కూడా 50 అడుగులకి తక్కువ కాకుండా, 65 దాటకుండా ఉండాలి. కాళ్ళకి బద్దలు కట్టుకుని స్కీయింగ్ చేసేవాళ్ళ తాడు వేరే, 75 అడుగులది. ఒకే పలక మీద నిలబడే వేక్‌బోర్డు తాడు ఇంకా వేరే, బొత్తిగా సాగదు. సాగని తాడుతో ట్యూబు లాగితే ప్రతి కుదుపూ నేరుగా పడవ కొక్కేనికీ, పిల్లల మెడకీ తగులుతుంది. మావాళ్ళకి అన్నీ ఒకటే, చేతికి ఏది దొరికితే అది.

అసలు బాధ కట్టే చోటు దగ్గర. మేం పంటు లాగేటప్పుడు మోకుని లాంచీ వెనకంచుకి కట్టేవాళ్ళం కాదు, నడుముకి దగ్గరగా కొక్కెం ఉండేది. వెనక కట్టారంటే బరువు లాంచీ తోక పట్టుకుని కూర్చుంటుంది, చుక్కాని ఎంత తిప్పినా ముక్కు తిరగదు. ఇంకో గండం ఉంది. వెనక వస్తున్నది పక్కకి తిరిగి మోకు అడ్డంగా లాగిందంటే లాంచీ ఒరిగిపోతుంది, నీరెక్కుతుంది, అంతే. అందుకని మోకుని నరికేయడానికి కొక్కెం దగ్గర ఒక గొడ్డలి ఎప్పుడూ ఉండేది. కొక్కెం ఎంత ఎత్తున ఉంటే ఒరగడం అంత తేలిక, కాబట్టి వీలైనంత కిందనే పెట్టేవాళ్ళు.

ఈ చిన్న పడవలకి అంత బరువు లేదు కనక వెనకంచు మధ్యలో ఒక ఉక్కు కన్ను పెడతారు, ట్యూబుకి అది సరైన చోటే. మోటారు వెనక వేలాడే పడవల్లో రెండు మూలలా రెండు కన్నులుంటాయి. రెంటికీ కట్టి మోటారు వెనక కలిసేలా ఒక జోడుతాడు దొరుకుతుంది, దాని మధ్య ఒక తేలుడు బుడ్డి, దానికి ట్యూబు తాడు. లాగుడు రెండు వైపులా సమంగా పడుతుంది, తాడు ప్రొపెల్లరు జోలికి పోదు. బుద్ధిమంతుడెవడో ఆలోచించి చేసిన పని. కానీ అది కొనడానికి చేతులు రావు. ఒక మూల కన్నుకే తగిలించేసి, పడవ ఎందుకో ఎడమకి లాగుతోందే అని స్టీరింగుని తిట్టుకుంటారు.

ఇంకా ఘనులున్నారు. రేవుకి కట్టే గూటానికి కడతారు. అది నిలబడ్డ పడవని ఆపడానికి పెట్టింది, పరుగులో లాగడానికి కాదు. ఈ పాంటూన్ పడవల వాళ్ళు చుట్టూ ఉన్న రెయిలింగుకే కట్టేస్తారు. అల్యూమినియం గొట్టాలండి అవి, మనిషి ఒరిగితే ఆపడానికి! మరీ డబ్బున్నవాళ్ళ పడవల మీద పందిరి లాంటి టవరు ఉంటుంది. వేక్‌బోర్డు మీద నిలబడి గాల్లోకి లేచే ఒక్క మనిషి కోసం దాన్ని ఎత్తున కట్టారు. ట్యూబులు కట్టొద్దని దాని మీదే అంటించి ఉంటుంది. లక్ష డాలర్లు పెట్టి పడవ కొన్నవాడికి ఆ చీటీ చదివే తీరిక ఉండదు. నలుగురు పిల్లల ట్యూబుని పందిరి నెత్తికి కట్టి ఒక్కసారి చుట్టు తిప్పుతాడు, పడవ పక్కకి వాలితే అందరూ హుర్రే అంటారు. గోదావరి మీదైతే ఆ సరంగు ఆ సాయంత్రమే ఇంటికి పోయేవాడు, మళ్ళీ రానక్కర్లేదని చెప్పించుకుని.

ఈ మాటలన్నీ అంటుంటే మా వాడు ఫోనులో వెతికి నా నోరు మూయించబోయాడు. ఈ నీటి స్కీయింగ్ కనిపెట్టిన రాల్ఫ్ శామ్యూల్సన్ అనే కుర్రాడు 1922లో మిన్నెసోటా రాష్ట్రంలో, లేక్ పెపిన్ మీద, పద్దెనిమిదేళ్ళ వయసులో, కిటికీలకి వాడే తాడు పట్టుకునే కదా స్కీ చేశాడు అన్నాడు. నిజమే. పైన్ చెక్కల కొసలు ఇంట్లో మరిగే నీళ్ళలో పెట్టి వంచాడు, కమ్మరి చేత ఇనుప రింగు చేయించుకుని పిడిగా పెట్టుకున్నాడు. పేటెంటు తీసుకోవడం ఆయనకి తట్టలేదు. మూడేళ్ళకి ఫ్రెడ్ వాలర్ అనే మరొకాయన తీసుకున్నాడు. ఆ వాలరే తర్వాత సినిరామా అనే పెద్ద తెర సినిమా కనిపెట్టాడు. అదంతా బాగుంది గానీ ఒరేయ్, ఆ కుర్రాడు ఒక్కడే, తాడు తనే ఏరుకున్నాడు, పిడి తనే చేయించుకున్నాడు, తాడు తెగితే మునిగేదీ తనే. దానికో దిక్కుంది. నీ గ్యారేజీలో తాడుకి ఎవడున్నాడు దిక్కు?

సాగే తాడు తెగిందంటే ఎటు కొడుతుందో మా కళాసీలకి తెలుసు. బిగిసిన మోకు దారిలో ఎవడూ నిలబడేవాడు కాదు, కొత్తవాడు నిలబడితే మెడ పట్టి ఈడ్చేవారు. నైలాను వచ్చాక ఆ భయం ఇంకా పెరిగింది, ఎందుకంటే అది రబ్బరులా సాగి ఆ శక్తంతా దాచుకుంటుంది. ట్యూబు వైపు ఊడితే తాడు కొస పడవ మీదికి వస్తుంది. పడవ వైపు కొక్కెమే పెరుక్కుని పోతే ఆ ఇనుప ముక్క తాడుతో సహా పిల్లల మీదికి పోతుంది. సరిగ్గా ఆ తాడు దారిలో, వెనక సీటు మీద వెనక్కి తిరిగి, ఒక చేత్తో ఫోను పట్టుకుని వీడియో తీసే అత్తయ్య ఒకరు ప్రతి పడవలోనూ ఉంటారు. కాస్త పక్కకి జరగండమ్మా అంటే "వీడియో బాగా రాదండీ" అంటారు.

ముడుల గొడవొకటి. ఈ తాళ్ళు నున్నగా ఉండి ముడి జారుతుంది, జారకుండా బిగిస్తే ముడి పడిన చోట బలం సగం దాకా పోతుంది. అందుకే కంపెనీవాళ్ళు కొసల్లో అల్లిన ఉచ్చు ఇస్తారు, దాన్నే తగిలించాలి. మధ్యలో తెగితే ముడేసి వాడుకుందాం అనుకోకూడదు. ఇంజను ఉన్నట్టుండి వేగం పెంచకూడదు, మెల్లగా ముందుకు పోయి తాడు బిగిశాక ఊపందుకోవాలి. పిల్లలు ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు ఇంజను పూర్తిగా ఆపాలి. వెనక చూడడానికి వేరే మనిషిని గానీ, పెద్ద అద్దాన్ని గానీ ఇక్కడి చాలా రాష్ట్రాల్లో చట్టమే అడుగుతుంది. తాడుని చేతికి చుట్టుకోకూడదని పిల్లలకి చెప్పాలి, వాళ్ళు వినరు కాబట్టి మళ్ళీ చెప్పాలి.

ఒక్క విషయంలో ఈ కాలమే నయం. మా రోజుల్లో లైఫ్ జాకెట్టు తొడుక్కున్న కళాసీని నేను చూసి ఎరగను. ఈత వస్తే చాలనేవాళ్ళం, ఈత వచ్చినవాళ్ళే పోయేవాళ్ళు. ఇక్కడ ట్యూబెక్కే ప్రతి పిల్లకీ జాకెట్టు బిగిస్తారు, బక్కిల్స్ లాగి చూస్తారు. అంత శ్రద్ధ చూపించే చేతులే తాడు దగ్గరికి వచ్చేసరికి ఎందుకు వదులవుతాయో నాకు బోధపడదు.

ఇక్కడి జార్జియా రాష్ట్ర చట్టం ప్రకారం 1998 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళు ఇంజను పడవ నడపాలంటే భద్రతా పాఠం పాసవ్వాలి. అంతకు ముందు పుట్టినవాళ్ళకి అక్కర్లేదట, వాళ్ళకి అన్నీ తెలుసని కాబోలు! మా వాడు ముందు పుట్టినవాడే. పడవలున్న తెలుగువాళ్ళలో ఎక్కువమంది ఆ వయసువాళ్ళే. కాబట్టి ఒక మాట చెబుతాను, విసుక్కోకండి. ఈ శనివారం నీళ్ళ మీదికి పోయేముందు ఇంట్లో ఒకరిని పిలిచి, ఈ తాడు నీదీ అని పేరు పెట్టి అప్పజెప్పండి. వాళ్ళని కొస నుంచి కొసదాకా తడమమనండి. రంగు వెలిసి గరుకు తేలి ఉంటే దాన్ని అవతల పారేయండి. పారేసేముందు కత్తెరతో నాలుగు ముక్కలు చేయండి, లేకపోతే పక్కింటాయన చెత్త డబ్బాలోంచి తీసుకెళ్ళి తన పడవకి కట్టుకుంటాడు.