కాణీ ఖర్చు లేకుండా విశ్వాస జీవితం

ముందు బైబిలుకు జిప్పున్న నల్ల తోలు కవరు ఒకటి కొనండి. ఇదే మొదటి ఖర్చు. నా మాట వింటే ఇదే చివరిది కూడా. పాస్టరుగారు వాక్యభాగం చెప్పగానే ఆ జిప్పు బర్రున లాగాలి, వెనక నాలుగు వరుసలకు వినబడాలి. యాకోబు పత్రిక అంటే తడుముకోకుండా తీయాలి. హెబ్రీయుల పత్రిక దాటగానే ఉంటుంది, ఉన్నవి ఐదే అధ్యాయాలు. తీయండి గానీ చదవకండి. రెండో అధ్యాయంలో బంగారు ఉంగరం పెట్టుకొచ్చినవాడికి మంచి చోటు చూపించి, మాసిన బట్టలవాణ్ణి కాళ్ల దగ్గర కూర్చోబెట్టే పెద్దల సంగతి ఉంది. మన మందిరంలో ముందు వరుస కుర్చీలకు తెల్లగుడ్డ తొడుగులుంటాయి కదా, వాటిలో కూర్చుని ఆ వచనాలు చదివితే వీపు దురద పెడుతుంది. ఐదో అధ్యాయం జోలికి అసలే పోవద్దు. అక్కడ కూలి లెక్కలున్నాయి.

సాక్ష్యం చెప్పమంటే వెనకాడకండి. అయితే ఇరవై ఏళ్ల కిందటి పాపాలే చెప్పాలి. సిగరెట్టు, పేకాట, మొదటి ఆట సినిమా. ఇవి బాగా మాగి ఉంటాయి, సంఘం ముచ్చటగా వింటుంది, మధ్యమధ్య స్తోత్రం అంటుంది. పోయిన వేసవిలో పక్కవాడి పొలంలోకి గట్టు జరిపిన సంగతి సాక్ష్యంలోకి రాదు. అది రెవెన్యూ వ్యవహారం.

ఎవరైనా కష్టం చెప్పుకుంటే వెంటనే, "ప్రార్థన చేద్దాం బ్రదర్" అనండి. ఈ మాటకున్న గొప్పతనం ఏమిటంటే, అటువైపు మనిషి ఇంకేమీ అడగలేడు. అప్పు అడగడానికి వచ్చినవాడైతే కళ్లు మూసుకుని కాస్త పొడుగు ప్రార్థనే చేయండి, మీరు కళ్లు తెరిచేసరికి వెళ్లిపోయి ఉంటాడు. ఎవరో ఆసుపత్రిలో ఉన్నారని తెలిస్తే వాట్సాప్‌లో జోడించిన చేతుల బొమ్మలు మూడు పెట్టండి. నాలుగు పెడితే ఇంత ప్రేమ ఉన్నవాడు రాత్రికి తోడు పడుకోవడానికి వస్తాడేమో అనుకుంటారు.

ఇక కోత పండుగ. విశ్వాసం బయటపడడానికి ఏడాదిలో ఇంతకు మించిన రోజు లేదు. సంఘస్థులు తెచ్చిన గుమ్మడికాయలు, అరటి గెలలు, కోళ్లు మందిరం ముందు వేలానికి వస్తాయి. సొరకాయ పాట మొదలైతే తగ్గకండి. అవతల హెడ్మాస్టరుగారు పదిహేను వందలంటే మీరు రెండు వేలనండి. మైకులో మీ పేరు, ఇంటిపేరుతో సహా, మూడుసార్లు వస్తుంది. ఆ సొరకాయ చంకన పెట్టుకుని ఊరేగినంత మెల్లగా ఇంటికి నడవండి. మర్నాడు రైతుబజారులో అలాంటి సొరకాయే ఒక ముసలమ్మ పాతిక అంటే ఇరవైకి దింపండి. అక్కడ మైకు ఉండదు. పైగా దేవుడిచ్చిన డబ్బు వృథా చేయడం మంచి గృహనిర్వాహకుడి లక్షణం కాదు.

ప్రభువునందు అందరం ఒక్కటే, ఈ మాట బల్ల గుద్ది చెప్పండి. పిల్లవాడికి సంబంధం చూసేటప్పుడు మాత్రం "రక్షణ పొందిన, ప్రార్థనాపరురాలైన అమ్మాయి కావలెను" అని రాయించి, కింద కులం పేరు వేయించండి. దళితుడు క్రైస్తవుడైతే అతనికి 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా ఉండదు. సర్కారు లెక్కలో అలా పోయే కులం, పెళ్లిచూపుల వేళకు బాప్తిస్మపు నీళ్లలోంచి చుక్క తడవకుండా లేచి వస్తుంది. ఇంతకన్నా పెద్ద అద్భుతం నేను చూడలేదు.

దారితప్పిన పెద్దలూ ఉన్నారు, వాళ్ల జోలికి పోకండి. ఒంగోలు క్లౌ దొర సంగతే చూడండి. అమెరికా నుంచి బాప్టిస్టు మిషనరీగా వచ్చిన మనిషి, పాటలు పాడించుకుంటూ హాయిగా బంగళాలో ఉండొచ్చు. 1876-78 కరువులో ఆయన బకింగ్‌హాం కాలువలో కొన్ని మైళ్ల తవ్వకం కాంట్రాక్టుకు తీసుకున్నాడు. కుర్రతనంలో సర్వే పని నేర్చినవాడు కనుక మట్టి లెక్కలు తెలుసు. ఆకలితో ఎముకలు తేలి వచ్చిన జనానికి పలుగూ పారా ఇచ్చి పని చూపించాడు, ఆ పనికి కూలి వాళ్ల చేతికే అందేలా చూశాడు. వాళ్లలో ఎక్కువమంది మాదిగలు. ఇంకో తెలివితక్కువ పని కూడా చేశాడు. ఆ కరువు నెలల్లో బాప్తిస్మం ఇమ్మని వచ్చినవాళ్లకు ఇవ్వలేదు. గింజల కోసం మతం పుచ్చుకున్నారన్న మాట రాకూడదట. ఇప్పటివాళ్లయితే వచ్చినవాణ్ణి వచ్చినట్టే ముంచి, ఫొటో తీసి, సాయంత్రానికి గ్రూపులో పెట్టేవారు. కరువు తగ్గాక, 1878 జులై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మమిచ్చారు. మన సభల్లో ఈ అంకె చెప్పని ప్రసంగీకులు తక్కువ. మీరూ అంకె బట్టీ పట్టండి, కాలువను మాత్రం వదిలేయండి.

మా అమ్మమ్మ కూడా ఆ దారితప్పిన జాతే. ఎసట్లో బియ్యం పోసేముందు ఒక గుప్పెడు తీసి పక్క డబ్బాలో వేసేది, కొలిచిన బియ్యంలోంచే, ఇంట్లో బియ్యం నిండుకున్న రోజుల్లో కూడా. ఆ డబ్బా నిండితే మందిరానికి వెళ్లేది, లేదా పొయ్యి వెలగని ఇంటికి వెళ్లేది. ఏ ఇంటికో ఆవిడ చెప్పేది కాదు. మైకులో ఆవిడ పేరు ఒక్కసారీ రాలేదు. మీకది అవసరమా?

చివరి సూచన పనిమనిషి గురించి. ఆదివారం సెలవు అడిగితే ఇవ్వకండి. విశ్రాంతిదినాన మనం గుడికి వెళ్తే ఇంట్లో అంట్లు ఎవరు తోముతారు? నెలలో రెండు రోజులు రాకపోతే రెండు రోజుల జీతం కోయండి, కోసింది కానుకల సంచిలో వేయండి, లెక్క సరిపోతుంది. జీతం ఒకటో తారీఖునే ఇవ్వాలని బైబిల్లో ఎక్కడా లేదు, నేను వెతికాను. ఇవాళ పన్నెండో తారీఖు. మా ఇంట్లో పనిచేసే ఆమెకు పోయిన నెల జీతం నేనింకా ఇవ్వలేదు.