చూడ్డమే కదా!

మాది పటమటలో ఒక అపార్ట్‌మెంటు. లిఫ్టు ఆగిపోతే ఆర్నెల్లయినా మీటింగు పెట్టని మా అసోసియేషను, మొన్నామధ్య ఒక ఆదివారం పొద్దున్నే సెల్లారులో కుర్చీలు వేయించింది. అజెండాలో ఒకటే ముక్క: ఆయాల రేట్లు. నాలుగో అంతస్తులో కొత్తగా దిగిన కుర్ర జంట, తొమ్మిది నెలల పాపని చూసుకునే ఆయాకి నెలకి 18,000 ఇస్తున్నారని వాచ్‌మన్ కబురు మోశాడు. పైగా ఆదివారం సెలవట. అవసరమైతే తప్ప రమ్మనరట. వచ్చిన ఆదివారానికి విడిగా డబ్బులట. అన్నిటికీ మించి ఒకటో తారీఖునే జీతమట. ఈ చివరిది విన్నాక ప్రెసిడెంటుగారు బీపీ మాత్ర వేసుకుని మరీ కిందకి దిగారు.

“రేటు చెడగొట్టేశారండీ!” అన్నారు కూర్చుంటూనే.

మన డెల్టా భాషలో ఇదొక విశేషం. పొలం ధర పెరిగితే ‘రేటొచ్చింది’ అంటాం. మినుములకి పెరిగినా ‘రేటొచ్చింది’ అనే అంటాం. మనిషి కష్టానికి పెరిగితే మాత్రం ‘రేటు చెడింది’ అంటాం.

పత్రికల్లో రాస్తాడు కదా అని మినిట్సు పుస్తకం నా ఒళ్ళో పడేశారు.

ముందుగా ఒకటో అంతస్తు రిటైర్డ్ ఇంజినీరుగారు లేచారు. ఇరిగేషన్ శాఖలో ముప్ఫయ్యేళ్ళు చేసిన మనిషి, ఏదైనా నిర్వచనంతో మొదలుపెడతారు. “అసలు పనేమిటి? పిల్లని చూడ్డం. బరువులు మొయ్యక్కర్లేదు, ఎండలో నిలబడక్కర్లేదు. ఫ్యాను కింద కూర్చుని చూడ్డమే కదా!”

“తమరు ఉద్యోగంలో ఏం చేసేవారండీ?” అన్నాను.

“బందరు కాలవ మీద నీళ్ళు చూసేవాణ్ణి.”

“దానికి గవర్నమెంటు ఇప్పటికీ పింఛను ఇస్తోంది కదండీ?”

ఆయన కూర్చున్నారు. నేను మినిట్సులో ‘చర్చ జరిగింది’ అని రాసుకున్నాను.

ఈ ‘చూడ్డం’ అన్న మాటలో ఎంత సరుకు పడుతుందో చూడండి. పొద్దున్నే సీసాలు మరగబెట్టడం, పాలు కలపడం, తాగనంటే బతిమాలడం, తాగింది కక్కితే తుడవడం, డైపరు మార్చడం, నూనె రాసి లాలపోయడం, రాగిజావ కాచి చల్లార్చి కాకిని చూపిస్తూ తినిపించడం, చీర ఉయ్యాల్లో ఊపి నిద్రపుచ్చడం. పాప పడుకుందంటే ఆయా ఖాళీగా ఉన్నట్టే కాబట్టి ఆ నాలుగు గిన్నెలు కడిగెయ్యడం, ఆరిన బట్టలు మడతపెట్టడం, వీలుంటే గోంగూర ఒలిచిపెట్టడం. ఇదంతా ‘చూడ్డమే’. ఇక హాల్లో గోడకి కెమెరా. పాపని ఆయా చూస్తుంటే, ఆయాని ఆఫీసు నుంచి తండ్రి, ఇంకో ఆఫీసు నుంచి తల్లి, ఉయ్యూరు నుంచి అమ్మమ్మ చూస్తుంటారు. ఇంతమంది చూస్తున్నా, జీతం అడిగే ధైర్యం చేసింది ఒక్కతే.

రెండో అంతస్తు అమ్మగారిది వేరే పద్ధతి. “మేం రేట్లు మాట్లాడమండీ. మా ఆయాని ఇంట్లో మనిషిలా చూసుకుంటాం” అన్నారు. ఇక్కడా చూడ్డమే! ఆ ఇంటి మనిషికి నెలకి 9,000, సంక్రాంతికి ఒక పాత చీర, శుక్రవారం మిగిలిన పులిహోర. ఆ ఇంట్లో మనుషులందరూ సోఫాలో కూర్చుంటే ఈ మనిషి సోఫా పక్కన నేల మీద కూర్చుంటుంది. మనుషులందరి గ్లాసులూ స్టాండులో ఉంటే ఈ మనిషి గ్లాసు సింకు కింద బోర్లించి ఉంటుంది. జీతం పెంచమన్నప్పుడు మాత్రం ఆమె ఇంటి మనిషి. ఇంటి మనుషులు జీతం అడగరు కదా!

ఆవిడే నాగాల సంగతి ఎత్తారు. 2024 సెప్టెంబరు 1, ఆదివారం బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగినప్పుడు వాళ్ళ ఆయా తొమ్మిది రోజులు రాలేదట. “చెప్పాపెట్టకుండా మానేసిందండీ. ఫోను కూడా కలవలేదు.” తొమ్మిది నాగాలకీ జీతం కోసేశారు. కింది అంతస్తులు మునిగి, కరెంటు పోయి, జనం డాబాల మీద పాలప్యాకెట్ల కోసం పడవల వంక చూసిన రోజులవి. ఆ తొమ్మిది రోజులూ ఆవిడ తన పిల్లల్ని చూసుకుంది. అది మన రిజిస్టరులో నాగా కింద పడింది.

పామర్రు దగ్గర పొలాలున్న పెద్దాయన ఒక పరిష్కారం చెప్పారు. “నాట్లకి ఎకరానికింతని గుత్త మాట్లాడతాం. ఇదీ అంతే చేద్దాం. పిల్లకి నడకొచ్చేదాకా మొత్తం మీద ఇంతని గుత్త. నడకొచ్చాక పని తగ్గుద్ది కాబట్టి సగం.” మీటింగులో ఉన్న ఆడవాళ్ళందరూ ఒక్కసారిగా నవ్వారు. ఎందుకు నవ్వారో ఆ పెద్దాయనకి ఇప్పటికీ తెలీదు. ఆయన నలుగురు పిల్లల తండ్రి.

నేను మెల్లిగా చట్టం సంగతి తీశాను. 1948 నాటి కనీస వేతనాల చట్టం షెడ్యూలులో ఇంటిపనిని మన ఉమ్మడి రాష్ట్రం 2007లోనే చేర్చింది. “అది ఫ్యాక్టరీలకండీ, మనది కొంప” అన్నారు ప్రెసిడెంటుగారు. పని చేసే చోట ఆడవాళ్ళ మీద వేధింపులకి 2013లో వచ్చిన చట్టం, ఇంటిపని చేసేవాళ్ళకి మన కొంపే పనిచేసే చోటని ఒప్పుకుందని చెప్పాను. “మా కొంప మీదికి చట్టాలు తేకండి” అన్నారు. ఆయన్నని ఏం లాభం? 2011 జూన్ 16న జెనీవాలో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇంటిపనివాళ్ళ హక్కుల మీద 189వ ఒప్పందం తెస్తే మన దేశం అనుకూలంగా ఓటేసింది. ధ్రువీకరించడం మాత్రం ‘చూద్దాం’ అంది. 2025 జనవరిలో సుప్రీంకోర్టు, ఇంటిపనివాళ్ళకి విడిగా చట్టం కావాలేమో పరిశీలించే కమిటీ వేయమని కేంద్రానికి చెప్పింది. పరిశీలించడమన్నా చూడ్డమే.

“ఇదంతా ఎందుకండీ, గవర్నమెంటు ఎంతిస్తోందో మనమూ అంతే ఇద్దాం” అన్నారు ట్రెజరరుగారు. కలెక్టరేట్‌లో చేసి రిటైరయిన మనిషి కాబట్టి లెక్క అడిగాను. గవర్నమెంటు కూడా పిల్లల్ని చూడ్డానికి మనుషుల్ని పెట్టింది. 1975 అక్టోబరు 2న ఐసీడీఎస్ పథకం మొదలైనప్పటినుంచీ అంగన్‌వాడీలది అదే పని. 2023 డిసెంబరు 12న వాళ్ళు మన రాష్ట్రంలో సమ్మెకి దిగేనాటికి కార్యకర్తకి నెలకి 11,500, ఆయాకి 7,000. దాన్ని జీతం అనకూడదు, గౌరవ వేతనం అనాలి. ఆయా డబ్బుని 26 పనిరోజులతో భాగిస్తే రోజుకి 269 రూపాయలు. ఆ ఏడాది మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రేటు 272. చెరువులో మట్టి తీస్తే 272, చెరువు వైపు వెళ్ళకుండా ఊరి పిల్లల్ని చూస్తే 269. మట్టి కంటే పిల్లలు మూడు రూపాయలు తక్కువన్నమాట. ఆ మూడు రూపాయలే గౌరవం. కూలిలోంచి కోసుకుని వేతనానికి ముందు తగిలించారు.

సమ్మె మొదలయ్యాక సచివాలయం సిబ్బంది చేత కేంద్రాల తాళాలు పగలగొట్టించారు. సర్టిఫికెట్లు ఇవ్వాల్సినవాళ్ళు ఉప్మా గరిటె పట్టారు. 2024 జనవరి 6న ఎస్మా ప్రయోగించి, ఇది అత్యవసర సేవ, మానడానికి వీల్లేదన్నారు. చేసినన్నాళ్ళూ ఉద్యోగం కాదు, మానేసిన ఇరవయ్యారో రోజుకి అత్యవసరం! 42 రోజులకి సమ్మె ముగిసింది. జీతం పెంపు జులైలో చూద్దామన్నారు. ఎవరు చూడాలో వాళ్ళే జూన్‌లో మారిపోయారు.

ట్రెజరరుగారు సంతోషపడి “అయితే ఏడు వేలు ఖాయం చేద్దాం” అన్నారు. లెక్క ఆయనకి నచ్చింది.

ఇక మిగిలింది ‘ఒక్క పూట’ రేటు. సినిమాకో పెళ్ళికో వెళ్ళాలి, పిల్లని ఒక్క పూట చూడాలి. “దానికి కూడా డబ్బులేంటండీ, పెళ్ళిభోజనం పెట్టిస్తున్నాం కదా” అన్నారు రెండో అంతస్తు అమ్మగారు. నిజమే. కిందటి మాఘంలో వాళ్ళ ఇంటి పెళ్ళికి ఆయా కూడా వచ్చింది. మూడు గంటలు పిల్లని చంకనేసుకుని ఏసీ దగ్గర చలికీ, సన్నాయి దగ్గర మోతకీ మధ్యలో తిరిగింది. ఫోటోగ్రాఫరు “కొంచెం పక్కకి జరగమ్మా” అన్నప్పుడల్లా పిల్లని అందించి జరిగింది. ఆఖరి బంతిలో కూర్చుంటే పెరుగు అయిపోయింది. అదే హాల్లో డ్రోనువాడు కూడా మూడు గంటలు చూశాడు. వాడు పైనుంచి చూశాడు. వాడికి సగం డబ్బు ముందే ముట్టింది.

అప్పటిదాకా పలకని ప్రెసిడెంటుగారి భార్య అప్పుడు గొంతు సవరించుకున్నారు. ఆవిడ డల్లాస్ నుంచి వచ్చి పదిరోజులైంది. 

“నేనూ ఆర్నెల్లు చూసొచ్చానండీ. నేను వెళ్ళేదాకా మావాళ్ళు గంటకి ఇరవై డాలర్లిచ్చి ఒకావిణ్ణి పెట్టుకున్నారు. నేను దిగిన వారానికి ఆవిణ్ణి మాన్పించారు.”

ట్రెజరరుగారు అలవాటు కొద్దీ కాలిక్యులేటరు తీశారు. రోజుకి పది గంటలు, వారానికి అయిదు రోజులు, 26 వారాలు. 26,000 డాలర్లు. రూపాయల్లోకి మారిస్తే ఇరవై లక్షల పైమాటే. సెల్లారంతా నిశ్శబ్దం. “నాకు ముట్టింది ఒక హ్యాండుబ్యాగు, నయాగరా, ఈ మోకాళ్ళ నొప్పి” అన్నారు ఆవిడ. “తిట్టుకోవట్లేదండీ, నా మనవడే. కానీ ఏ రోజూ ఎవరూ ‘అమ్మా, అలిసిపోయావా’ అనలేదు. చూడ్డమే కదా అనుకున్నారు. వీసా ఇంటర్వ్యూలో ఎందుకెళ్తున్నావంటే మనవణ్ణి చూడ్డానికని చెప్పమన్నాడు మా అబ్బాయి. నేను అబద్ధమేం చెప్పలేదు.”

సముద్రం దాటి పిల్లల్ని చూడ్డం మనవాళ్ళకి కొత్తేం కాదు. అసలు ఆయా అన్న మాటే పోర్చుగీసువాళ్ళ పడవ దిగి వచ్చింది. ఆ తరవాత దొరలూ దొరసానులూ సీమకి వెళ్తూ పిల్లల్ని చూడ్డానికి ఇక్కడి ఆయాల్ని ఓడెక్కించుకునేవారు. రేవులో దిగాక పని తీరిపోయేది. తిరుగు టికెట్టు లేక లండన్‌లో చిక్కుపడ్డ ఆయాల కోసం ఒక సత్రమే నడిచింది. 1900 నుంచి అది హాక్నీలో ఉండేది. 2022లో ఆ ఇంటి గోడకి నీలం ఫలకం పెట్టారు. బతికుండగా టికెట్టు, పోయాక ఫలకం; రెండిట్లో ఏది చవకో దొరలకి తెలుసు. ఆ లెక్కన మన అమ్మమ్మలు అదృష్టవంతులు. రానూ పోనూ టికెట్టు కొడుకే తీస్తాడు. ఈవిడ ఫ్లైటు దిగే వారానికి వియ్యపురాలు ఫ్లైటు ఎక్కుతుంది.

భార్య మాట్లాడాక ప్రెసిడెంటుగారు మెత్తబడతారనుకున్నాను. ఆయన వాచీ చూసుకుని తీర్మానాలు చదివారు. ఒకటి, ఇకమీదట మన బిల్డింగులో ‘ఆయా’ అనకూడదు, ‘ఇంటి మనిషి’ అనాలి. రెండు, ఇంటి మనిషికి ఇచ్చేది గౌరవ వేతనం, అది 9,000 దాటకూడదు. మూడు, వరదలకీ జ్వరాలకీ పెళ్ళిళ్ళకీ నాగా నాగాయే. నాలుగో అంతస్తువాళ్ళు అద్దెకున్నవాళ్ళు కాబట్టి మీటింగుకి పిలవలేదు. పిలవనివాళ్ళు కాదనలేదు కనక ఏకగ్రీవం.

సరిగ్గా అప్పుడే ఆ నాలుగో అంతస్తు ఆయా, పాపని ఎత్తుకుని లిఫ్టు దిగింది. ఆదివారమైనా ఆ జంట ఎక్కడికో వెళ్ళి ఒక్క పూట రమ్మన్నారట. ప్రెసిడెంటుగారు పిలిచి, నీ మంచి కోసమే అంటూ తీర్మానాలన్నీ వివరించారు. ఆమె పాపని నేల మీద దించి చేతులు కట్టుకుని విన్నది. ఆయన గౌరవం గురించి చెబుతున్నారు. ఇంజినీరుగారు తలాడిస్తున్నారు. ట్రెజరరుగారు కాలిక్యులేటరు తుడుచుకుంటున్నారు. పన్నెండుమందిమి ఆమెనే చూస్తున్నాం.

ఆమె ఉన్నట్టుండి వంగి, పాప బుగ్గలు నొక్కి, నోట్లోంచి జనరేటరు స్క్రూ ఒకటి తీసి నా మినిట్సు పుస్తకం మీద పెట్టింది. ఎంగిలితో ‘ఏకగ్రీవం’ అన్న మాట అలుక్కుపోయింది.

“చెప్పండయ్యగారూ” అంది పాపని చంకనేసుకుంటూ.

ప్రెసిడెంటుగారు తడబడి, “మరేం లేదు... జీతం సంగతి ఉగాదికి చూద్దాంలే” అన్నారు.

“అట్టాగేనండీ” అని వెళ్ళిపోయింది.

సోమవారం ఆమె ఎప్పటిలాగే వచ్చింది, నాలుగో అంతస్తుకి. రెండో అంతస్తు అమ్మగారు మాత్రం నిన్న మెట్ల మీద పిల్లని ఎత్తుకుని ఆయాసపడుతూ కనిపించారు. తీర్మానం తమ ఇంటి మనిషికి చదివి వినిపించి మూడు వారాలైందట.

“ఏమందండీ?” అన్నాను.

“చూస్తానందండీ” అన్నారు.