మౌత్‌పీసు మాస్టరు

సికింద్రాబాదులో పెళ్లిళ్ల సీజన్ మొదలైతే సినిమా పాటల ఆర్కెస్ట్రాల్లో ఎక్కడో ఒకచోట ఈయన తగులుతాడు. కీబోర్డు కుర్రాడు వైర్లు పెట్టుకుంటుంటాడు, ప్యాడ్స్ వాయించేవాడు మిర్చి బజ్జీ తింటుంటాడు, గాయని సెల్ఫీలో ఉంటుంది. ఈయన మాత్రం స్టేజీ వెనక గోడవైపు తిరిగి, ట్రంపెట్‌ నుంచి మౌత్‌పీసు ఊడదీసి, ట్యూబులైటుకు ఎదురుగా పట్టి ఒంటికన్నుతో చూసి, పెదవి విరిచి, కోటు జేబులోంచి ఇంకోటి తీస్తాడు. అదీ నచ్చదు. ప్యాంటు జేబు వంతు వస్తుంది.

మనిషి చెడ్డవాడు కాడు. చెవి మంచిది, మాట మంచిది, అప్పు తీసుకుంటే తిరిగి ఇస్తాడు. కాకపోతే తన నోటి నుంచి వచ్చిన ప్రతి అపస్వరానికీ కారణం ఇత్తడిలోనే ఉందని ఆయన గట్టి నమ్మకం.

ట్రంపెట్ సంగతి పెద్ద రహస్యమేం కాదు. మామూలు బీ ఫ్లాట్ ట్రంపెట్‌ను చుట్లు విప్పి చాపితే మీటరున్నర గొట్టం. ముందుభాగంలో ఉండే ట్యూనింగ్ స్లైడును బయటికి లాగితే గొట్టం పొడవై శ్రుతి దిగుతుంది, లోపలికి తోస్తే ఎక్కుతుంది. కీబోర్డులో 'ఏ' అనే స్వరం 440 హెర్ట్జ్ దగ్గర కూర్చుని ఉంటుంది, దానికి చలీ ఎండా తెలియవు. ట్రంపెట్‌కు తెలుస్తాయి. జనవరి రాత్రి లాన్‌లో రిసెప్షన్ అంటే గొట్టంలోని గాలి చల్లబడి శ్రుతి దిగుతుంది. మే నెలలో ఎక్కుతుంది. ఇత్తడి సాగడం వల్ల ఇలా అవుతుందని చాలామంది అనుకుంటారు గానీ, అసలు సంగతి లోపలి గాలిది. గాలి వేడెక్కితే ధ్వని వేగం పెరుగుతుంది. పది డిగ్రీల తేడాకు దాదాపు మూడోవంతు అర్ధస్వరం జరుగుతుంది. మందు ఏమిటంటే, వేదిక ఎక్కేముందు శబ్దం రాకుండా గొట్టంలోకి వెచ్చటి ఊపిరి ఊదుతూ ఉండటం, స్లైడు కాస్త సర్దుకోవడం. ఖర్చు లేదు. ఖర్చు లేని మందు మన మాస్టరుకు పడదు. "చలికి ఈ కప్పు లోతెక్కువైంది బాబూ" అంటూ జేబు తడుముకుంటాడు.

కప్పు అంటే మౌత్‌పీసులో పెదవులు ఆనే గిన్నె. అది లోతైతే నాదం నిండుగా, కాస్త గంభీరంగా వస్తుంది. లోతు తక్కువైతే పదునుగా మోగుతుంది, పై స్థాయి స్వరాలు పట్టు తప్పకుండా కొంత సేపు నిలుస్తాయి. అంచు, కప్పు, గొంతు, వెనక గొట్టం, ఒక్కో దానికీ ఒక్కో కొలత ఉంది. కొలత ఉన్నచోట అంకె ఉంటుంది. అంకె ఉన్నచోట మాస్టరు గంట సేపు నిలబడతాడు. ఈ అంకెల గురించి మాట్లాడేటప్పుడు మాస్టరు తరచు తలిచే విన్సెంట్ బాక్ ఆస్ట్రియాలో పుట్టి, ఇంజినీరింగు చదివి, 1914లో అమెరికా చేరిన ట్రంపెట్ కళాకారుడు. తన పేరు మీద ట్రంపెట్లు అమ్మడానికి ఏళ్ల ముందే, 1918లో, న్యూయార్క్‌లో మౌత్‌పీసులు చెయ్యడం మొదలుపెట్టాడు. "చూశారా, అంతటివాడు దేనితో మొదలుపెట్టాడో!" అంటాడు మాస్టరు. బాక్ పద్ధతిలో అంకె చిన్నదయ్యే కొద్దీ గిన్నె వెడల్పు. యమహా, షిల్కీ పద్ధతుల్లో అంకె పెద్దదైతే వెడల్పు. ఈ తిరకాసు వల్ల మాస్టరుకు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు. కొత్తగా కొన్న ట్రంపెట్‌తో పాటు తరచు వచ్చే 7సీకీ, ఆయన మోజుపడే 3సీకీ బాక్ కేటలాగు ప్రకారం వెడల్పులో తేడా మిల్లీమీటరులో పదోవంతు. ఆ పదోవంతులో తన భవిష్యత్తు ఇరుక్కుందని ఆయన అంటాడు.

ఇంట్లో మౌత్‌పీసులకు చోటు పోపుల డబ్బా. ఆవాల గిన్నెలో 5సీ, మెంతుల గిన్నెలో 7సీ, జీలకర్ర చోట లోతు తక్కువది, మధ్యలో బంగారు పూత అంచుది. ఆవిడ పోపుకు వేరే డబ్బా కొనుక్కుంది. "ఏమండీ, ఆ మధ్య గిన్నెలో దానికి పూత పూయించిన డబ్బుతో నాకు ముక్కుపుడక వచ్చేది" అని ఆవిడ అన్నమాట నిజమే. కుక్కర్ విజిల్ వేస్తే ఆయన ఫోన్‌లోని ట్యూనర్ చూసి "పన్నెండు సెంట్లు ఎక్కువ పోతోంది" అని తీర్పిస్తాడు. అందుకూ ఆవిడే బాధ్యురాలన్నట్టు చూస్తాడు. డాలస్ నుంచి మేనల్లుడు వస్తున్నాడంటే ఇల్లంతా చాక్లెట్ల లెక్క వేస్తుంది. ఈయన మాత్రం తను తెప్పించుకునే మౌత్‌పీసును సూట్‌కేసులో కాదు, జేబులో పెట్టుకుని రమ్మంటాడు. ఎయిర్‌పోర్టు స్కానర్‌లో ఆ ఇనుప మొగ్గ ఏమిటని అడిగినవాళ్లకు చెప్పుకోలేక పాపం ఆ కుర్రాడికి చెమటలు పట్టాయి.

మౌత్‌పీసు తోక, గొట్టంలోకి ఎంత దూరం వెళ్లి ఆగుతుందో దాన్ని బట్టి కూడా ఊదుడు మారుతుంది. తోక చుట్టూ సన్నని కాగితం చుట్టి ఆ సందును మార్చి చూడటం ట్రంపెట్ వాళ్లలో ఉన్న పాత ఉపాయమే. మాస్టరు దాన్ని శాస్త్రం స్థాయికి తీసుకెళ్లాడు. బస్సు టిక్కెట్టు మందం చాలదట, కరెంటు బిల్లు ఫర్వాలేదట, శుభలేఖ కవరు ముక్క అమోఘమట. అందుకే ఏ పెళ్లికి వెళ్లినా శుభలేఖ అడిగి తీసుకుంటాడు. వధూవరులు పొంగిపోతారు. ఒకసారి అలా బిగించింది ఇరుక్కుపోతే పక్కింటి ప్లంబరును పిలిచాడు. పట్టకారు పెట్టి తిప్పితే, తోక దూరే గొట్టం అంటే లీడ్ పైపు, దాని అతుకులు ఊడతాయి, మౌత్‌పీసు లాగే పరికరం వేరే ఉంటుంది. అది తెలిసీ ప్లంబరును పిలవడం ఆయన తొందరపాటు. అతుకు ఊడాక, ఇది మౌత్‌పీసు మార్చాల్సిన సూచన అన్నాడు.

అసలు చిక్కు కింది స్వరాల్లో ఉంది. మొదటి, మూడో వాల్వులు కలిపి నొక్కే కింది డీ, మూడూ కలిపి నొక్కే సీ షార్ప్ ఏ ట్రంపెట్‌లోనైనా పైకి పోతాయి. ఒక్కో వాల్వు కలిపే గొట్టం ఒంటరిగా నొక్కినప్పటి లెక్కకు సరిపోతుంది. రెండు మూడు కలిసి దించాల్సి వస్తే గొట్టం కాస్త కురచవుతుంది. అందుకే మూడో వాల్వు స్లైడుకు ఎడమచేతి ఉంగరం వేలు దూర్చడానికి ఒక రింగు పెట్టారు. ఆ స్వరాలు వచ్చినప్పుడు వేలు చాపితే చాలు. ఆ రింగు మాస్టరు ట్రంపెట్‌కూ ఉంది. దాన్ని ఆయన ట్రంపెట్ పట్టుకోవడానికి వాడతాడు.

"అన్నా, జర మూడో స్లైడు లాగరాదే, డీ మీదికి పోతున్నది" అన్నాడు ఒకసారి కీబోర్డు కుర్రాడు.

"నీకేం తెలుసురా, రేపు కొత్తది వస్తున్నది."

మేనార్డ్ ఫెర్గూసన్ పేరెత్తితే మాస్టరు లేచి నిలబడతాడు. ఆకాశాన్నంటే పై స్వరాలకు పేరుపడ్డ ఈ కెనడా కళాకారుడు 1960ల చివర్లో మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీ పాఠశాలలో కొంతకాలం సంగీతం నేర్పాడు. ఇంత దగ్గరికి వచ్చి వెళ్లాడన్నది మాస్టరుకు తీరని వెలితి. ఫెర్గూసన్ వాడినటువంటి మౌత్‌పీసు ఒక్కటి దొరికితే తనూ ఆ ఎత్తుకు పోగలనని లెక్క. ఫెర్గూసన్ యోగ శ్వాస గురించి పదే పదే చెప్పేవాడన్న సంగతి మాత్రం మాస్టరు చెవిన పడలేదు. పడినా శ్వాసకు అంకె ఉండదు, పూత పూయించలేం, డాలస్ నుంచి తెప్పించలేం.

ఒక్క నిజం చెప్పాలి. పాట మొదలై, మార్చడానికి టైము లేక, ఏదో ఒకటి పెట్టుకుని ఊదినప్పుడు మాస్టరు చాలా బాగా వాయిస్తాడు. అంత చక్కగా ఊదేవాళ్లను నేను తక్కువగా చూశాను. చెవికి ఉన్న పని పెదవికీ పెడితే ఆయన ఎక్కడో ఉండేవాడని వాయిద్యగాళ్లందరికీ తెలుసు. రోజుకు అరగంట నిలకడ స్వరాలు ఊదితే చాలు. ఆ అరగంటలోనే ఆయన పోపుల డబ్బా సర్దుకుంటాడు.

మీ ఇంట్లో పెళ్లికి ఆర్కెస్ట్రా మాట్లాడుకుంటే ఈయన్ని తప్పకుండా పిలవండి. మిగతావాళ్ల కంటే గంట ముందు రమ్మనండి, వచ్చాక ఒక శుభలేఖ చేతిలో పెట్టండి. ఆ మెరిసేది ఏమిటని మాత్రం అడగొద్దు, ముహూర్తం దాటిపోతుంది.