పలచని మజ్జిగ

ముసలితనంలో మా అత్తయ్య గుణం మారిపోయిందని నేను గట్టిగా నమ్మాను. నమ్మి ఊరుకోలేదు. మా ఆయనతో అన్నాను, మా అమ్మకు ఫోన్లో చెప్పుకున్నాను, చివరికి ఆవిడ ముఖం మీదే అనేశాను. నేను సైన్సు టీచర్ని. ఏ విటమిన్ లోపిస్తే ఏ జబ్బు వస్తుందో పదో తరగతి పిల్లల చేత ఏటేటా వల్లె వేయించేదాన్ని. ఆ లోపాల్లో ఒకటి నా ఇంట్లోనే, రోజూ నా ఎదురుగా కూర్చుని అన్నం తినే మనిషిలో పెరుగుతుంటే గుర్తుపట్టలేకపోయాను.

మామయ్య ఉన్నన్నాళ్లూ తెనాలిలో ఆ ఇంటి లెక్కలన్నీ అత్తయ్యవే. పాలవాడి బాకీ ఎంత, ఎవరి పెళ్లికి ఎవరు ఎంత చదివించారు, ఏ మనవడు ఏ తిథిన పుట్టాడు, అన్నీ నోటిమీదే ఉండేవి. మామయ్య పోయాక గుంటూరులో మా దగ్గరికి వచ్చేశారు. కొన్నేళ్లు బాగానే గడిచాయి. తరవాత మెల్లగా తేడా మొదలైంది. పప్పులో ఉప్పు రెండోసారి వేసేవారు. పాలు పొయ్యి మీద పెట్టి వరండాలోకి వెళ్లిపోయేవారు. విష్ణు సహస్రనామం సగంలో ఆగి, మళ్లీ మొదటికొచ్చి, అక్కడే మళ్లీ ఆగిపోయేవారు. ఇరుగుపొరుగుతో మాటలు తగ్గాయి. చీటికీ మాటికీ విసుక్కునేవారు. ఒక పండగ ముందు తన గొలుసు కనిపించడం లేదని, నేనే తీశానని మా ఆయనతో చెప్పారు. వెతికితే ఆవిడ తలగడ గలీబులోనే దొరికింది. "నువ్వే పెట్టి ఉంటావులే" అన్నారు.

"పోయింది మతి కాదత్తయ్యా, మీ మనసే కుళ్లిపోయింది" అన్నాను.

ఆవిడ ఎదురు చెప్పలేదు. నా మాట అర్థం కానట్టు చాలాసేపు నా ముఖంలోకి చూశారు. ఆ చూపును నేను పొగరు అనుకున్నాను.

ఆవిడ ఒళ్లు చెబుతూనే ఉంది. అరికాళ్లు తిమ్మిరెక్కుతున్నాయి, చీమలు పాకుతున్నట్టుంది అంటే, "షుగరున్నవాళ్లకు మామూలే" అన్నాను. కారం తగిలితే నాలుక మండుతోందంటే కూరలో కారం తగ్గించి నా పని అయిపోయిందనుకున్నాను. ఒక్కసారి నాలుక చూపించమని అడిగి ఉంటే, గరుకుదనం పోయి నున్నగా, ఎర్రగా ఉండడం నాకే కనిపించేది. గుడికి నడుస్తుంటే కాలి చెప్పు జారి వెనక పడిపోయేది. ఆవిడకు తెలిసేది కాదు, ఒట్టికాలితో అలాగే నడిచిపోయేవారు. పిల్లలు తెచ్చి తొడిగేవారు. వాష్‌బేసిన్ దగ్గర ముఖానికి సబ్బు రాసుకుని కళ్లు మూసుకోగానే ఒక పక్కకు తూలేవారు. కళ్లు తెరవగానే నిలదొక్కుకునేవారు. కాలు ఎక్కడుందో నరాల ద్వారా మెదడుకు తెలియనప్పుడు మనిషి కంటిచూపు ఆసరాతో నిలబడతాడు, కళ్లు మూస్తే ఆ ఆసరా కూడా పోతుంది. ఇది తరవాత తెలుసుకున్నాను. అప్పుడు మాత్రం "చూసుకుని నిలబడండి" అని కసిరాను.

ఇక ఆవిడ కంచం సంగతి. మాది శాకాహారం, ఇంట్లోకి గుడ్డు కూడా రాదు. బి12 విటమిన్‌ను మొక్కలు తయారు చేయవు. తయారు చేసేది బాక్టీరియా. పశువుల ద్వారా అది పాలలోకి, మాంసంలోకి చేరుతుంది. చేపల్లో, గుడ్లలో ఉంటుంది. ఆకుకూరలు, పప్పులు ఎన్ని తిన్నా రాదు. కాబట్టి మా ఇంట్లో దానికున్న దారి పాలూ పెరుగే. ఆ పెరుగు నేనెలా పంచానో చెప్పాలి. మీగడ పిల్లలకు. గట్టి పెరుగు మా ఆయనకు. అడుగున మిగిలినదాంట్లో నీళ్లు పోసి, ఉప్పు వేసి, అత్తయ్యకు మజ్జిగ. "ఈ వయసులో నాకెందుకమ్మాయ్, పిల్లలకుంచు" అని ఆవిడే అనేవారు. ఆ మాట నాకు వీలుగా ఉండేది, అందుకే కాదనలేదు. సోమవారం, శనివారం ఒంటిపూట. మిగతా రాత్రుళ్లు టీలో రెండు బిస్కెట్లు. పెద్దవాళ్లకు రోజుకు కావలసిన బి12 రెండు మైక్రోగ్రాముల పైచిలుకే. ఆ కాస్త కూడా నీళ్ల మజ్జిగలో రాదు.

దానికి తోడు ఆవిడ ఏళ్ల తరబడి షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడుతున్నారు. ఎక్కువ కాలం వాడితే ఆ మందు బి12 ఒంటబట్టడాన్ని తగ్గిస్తుంది. పరగడుపునే గ్యాస్ మాత్ర వేసుకునేవారు. కడుపులో ఆమ్లం తగ్గితే ఆహారంలోంచి బి12 విడివడడం కష్టమవుతుంది. వయసు పైబడితే చాలామందిలో ఈ పని మామూలుగానే మందగిస్తుంది. కాలేయంలో ఏళ్లకు సరిపడా నిల్వ ఉంటుంది కాబట్టి ఈ లోటు వెంటనే బయటపడదు. తినేది తక్కువ, తిన్నదాంట్లోంచి ఒంటికి పట్టేది ఇంకా తక్కువ. ఆ మాత్రలు రోజూ చేతికందించిందీ నేనే.

ఇంతకంటే పెద్ద తప్పు మరొకటి చేశాను. నీరసంగా ఉన్నారని రక్తపరీక్ష చేయించాను. హిమోగ్లోబిన్ 9. ఆ అంకె ఒక్కటే చూశాను. దాని కింద ఎంసీవీ 114 అని బొద్దు అక్షరాల్లో ఉంది. ఎర్రరక్తకణం ఎంత పెద్దదో చెప్పే అంకె అది, 80కీ 100కీ మధ్య ఉండాలి. ఇనుము తక్కువైతే కణాలు చిన్నవవుతాయి. బి12 గానీ ఫోలిక్ ఆమ్లం గానీ తక్కువైతే పెద్దవవుతాయి. ఆ వరుస చదవలేదు, డాక్టరుకూ చూపించలేదు. రక్తహీనతే కదా, మందు నాకు తెలుసనుకుని మందుల షాపులో ఐరన్ మాత్రలు, ఫోలిక్ యాసిడ్ 5 మిల్లీగ్రాముల మాత్రలు కొన్నాను. కొన్ని నెలలకు హిమోగ్లోబిన్ 11 దాటింది. స్టాఫ్ రూములో గర్వంగా చెప్పుకున్నాను. ఆ నెలల్లోనే అత్తయ్య గోడ పట్టుకోకుండా బాత్రూముకు వెళ్లలేని స్థితికి వచ్చారు. మనవరాలిని పేరు పెట్టి పిలవలేకపోయారు.

అప్పుడు గానీ నరాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లలేదు. ధ్వని పాఠంలో నేను పిల్లలకు చూపించే శృతిదండం లాంటిదే ఆయన బల్ల మీద ఉంది. దాన్ని మోగించి, దాని కాడను అత్తయ్య కాలి బొటనవేలి ఎముక మీద ఆనించి, "గుయ్‌మంటోందా అమ్మా?" అని అడిగారు. "లేదు బాబూ" అన్నారు. చీలమండ మీద పెట్టారు. లేదు. మోకాలి దగ్గరికి వచ్చాక, "ఆఁ, ఇప్పుడు తెలుస్తోంది" అన్నారు. డాక్టరు నా వైపు తిరిగి, ఏం తింటారు, ఏ మందులు వాడుతున్నారు అని అడిగారు. నేను ఒక్కొక్కటే చెబుతుంటే నాకే అంతా అర్థమవసాగింది. బి12 ఫలితం 100 కంటే తక్కువ వచ్చింది, 200 దాటి ఉండాల్సింది.

ఫోలిక్ ఆమ్లంతో హిమోగ్లోబిన్ పెరుగుతున్నా నరాలు పాడయ్యే ఈ చిక్కు వైద్యులకు ఏనాడో తెలుసు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో నడిపించిన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేసింది. ఆయన తోబుట్టువును బలిగొన్న స్ప్రూ వ్యాధికి అది మందయింది. దాన్నే పెర్నీషియస్ ఎనీమియా రోగులకు ఇచ్చి చూసిన వైద్యులు, రక్తం బాగుపడుతున్నా నరాలు దెబ్బతింటూనే ఉన్నాయని కొద్దికాలంలోనే గమనించారు. ఆ రోగులకు లోపించినది బి12. దాన్ని శాస్త్రవేత్తలు విడదీసింది 1948లో. సుబ్బారావుగారు కన్నుమూసిందీ ఆ ఏడాదే. ఫోలిక్ ఆమ్లం ఎందరో తల్లులకు, బిడ్డలకు మేలు చేస్తున్న మందు. అయితే ఎర్రకణాల తయారీలో బి12 లోటును పెద్ద మోతాదు ఫోలిక్ ఆమ్లం కప్పేయగలదు. నరాల మీది మైలిన్ పొరను కాపాడే పని మాత్రం అది చేయలేదు. మందు మంచిదే, ఎవరికి ఎప్పుడు ఇవ్వాలో తెలియకుండా ఇచ్చింది నేను.

నేను పిల్లల చేత వల్లె వేయించిన విటమిన్ల పట్టికలో నయాసిన్ ఎదురుగా పెల్లాగ్రా అని ఉంటుంది. ఒకప్పుడు అమెరికా దక్షిణ రాష్ట్రాల పిచ్చాసుపత్రుల్లో ఆ జబ్బున్న మనుషులు ఎందరో ఉండేవారు. 1914లో పరిశోధన మొదలుపెట్టిన జోసెఫ్ గోల్డ్‌బెర్గర్, పాలు, గుడ్లు, మాంసం లాంటివి పెడితే ఆ జబ్బు రాకుండా ఆగుతుందని చూపించాడు. మన దక్కనులో జొన్నలే ప్రధానంగా తిన్న పేదల్లో పెల్లాగ్రాను హైదరాబాదులోని ఇప్పటి జాతీయ పోషకాహార సంస్థలో సి. గోపాలన్ బృందం 1960ల్లో అధ్యయనం చేసింది. చర్మం నల్లబడి పొలుసులు లేవడంతో పాటు ఆ రోగుల్లో దిగులు, మందకొడితనం కనిపించేవి. ఇవన్నీ పిల్లలకు చెప్పే అవకాశం నాకుండేది. కానీ జబ్బు పేరు చెప్పించి మార్కులు వేశాను. ఆ పేరు వెనక ఒక మనిషి మాట తీరు, ఆలోచన, అనుమానం కూడా మారిపోతాయని చెప్పలేదు, ఎందుకంటే నేనే నమ్మలేదు.

బి12 ఇంజెక్షన్లు మొదట రోజు విడిచి రోజు, తరవాత వారానికొకటి, ఆ తరవాత నెలకొకటి. కొన్ని వారాలకు అత్తయ్య విసుగు తగ్గింది. మనవరాలిని పేరు పెట్టి పిలిచారు. సహస్రనామం చివరిదాకా సాగింది. తిమ్మిరి కొంత మిగిలిపోయింది, నడకకు చేతికర్ర తప్పలేదు. ముందే తెచ్చి ఉంటే ఇంకా బాగుపడేవారని డాక్టరు అన్నారు.

నేను క్షమించమని అడిగాను. గొలుసు గొడవ ఆవిడకు గుర్తే లేదు. "నువ్వన్న మాట మాత్రం గుర్తుందమ్మాయ్. నాకే తెలియకుండా నేను చెడ్డదాన్నైపోయానేమో అనుకున్నాను" అన్నారు. జబ్బు చేసిన నష్టంలో కొంతయినా మందుతో తిరిగి వచ్చింది. నేను అన్న మాటకు మందు లేదు.

అన్ని మతిమరుపులూ విటమిన్‌తో పోవు. ఆల్జీమర్స్ వేరు, కుంగుబాటు వేరు, వాటికి వాటి వైద్యం ఉంది. కానీ పెద్దవాళ్లలో కొత్తగా మతిమరుపు, అనుమానం, దిగులు, అరికాళ్ల తిమ్మిరి కనిపిస్తే, అందులోనూ వాళ్లు శాకాహారులైతే, మెట్‌ఫార్మిన్ వాడుతుంటే, గ్యాస్ మాత్ర వదలకుండా వేసుకుంటుంటే, డాక్టరుకు ఆ సంగతులన్నీ చెప్పి బి12 పరీక్ష చేయించండి. అది మామూలు రక్తపరీక్షే. హిమోగ్లోబిన్ బాగుందని ధీమా పడకండి, రక్తహీనత లేకుండా కూడా బి12 లోపం నరాలనూ మెదడునూ దెబ్బతీయగలదు. ఫలితం వచ్చేదాకా ఆ మనిషి మంచిచెడ్డల గురించి ఒక్క మాటా అనకండి. పరీక్షలో ఏమీ తేలకపోయినా, ఆ మాట అననందుకు మీరు నష్టపోయేది ఏమీ ఉండదు.